మా అత్తయ్య చూసిన 'దేవదాసు'

'దేవదాసు' అనగానే మీకు మొదట ఏమి గుర్తుకు వస్తుంది? సీసా, శాలువ, మాసిన గడ్డం, పక్కన ఒక కుక్క. అంతే గదా! ఇవాళ్టికీ మన ఇళ్ళలో ఏ కుర్రవాడైనా రెండు రోజులు గడ్డం గీసుకోకుండా తిరిగాడంటే, "ఏమిట్రా, దేవదాసువైపోయావు?" అని వేళాకోళం చేస్తారు. పెళ్ళిళ్ళలో అనుకరణలు చేసేవాళ్ళు భుజాన ఒక పైపంచె వేసుకొని, రెండు దగ్గులు దగ్గి, తూలుతూ నాలుగడుగులు వేస్తే చాలు, పందిరంతా గొల్లుమంటుంది. నేనూ నవ్వుతాను. నవ్విన తరువాత మాత్రం మనసులో కాస్త నొచ్చుకుంటాను, అంత గొప్ప చిత్రాన్ని మనమంతా కలిసి సీసాలో పెట్టి బిరడా బిగించేశామే అని.

ఆ చిత్రంలో సీసా కాక ఇంకొకటి ఉన్నది. అది నాకై నేను కనిపెట్టింది కాదు. మా అత్తయ్య వల్ల తెలిసింది, అదీ పదహారేళ్ళు ఆలస్యంగా.

1958లో నాకు పదేళ్ళు. మాది దివి తాలూకాలో కాలువ గట్టున ఉన్న చిన్న ఊరు. పంటలు ఇళ్ళకు చేరి, జనం చేతుల్లో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మా పక్క ఊరి చివర గుడారం వేసి టూరింగ్ టాకీసు పెట్టేవారు. పట్నంలో ఎప్పుడో ఆడి వెళ్ళిన బొమ్మలు మాకు అయిదేళ్ళకు వచ్చేవి. అయినా మాకు అవి కొత్త బొమ్మలే. ఆ ఏడు 'దేవదాసు' వచ్చింది.

మా అత్తయ్య, అంటే మా నాన్నగారి అక్కయ్య, అప్పుడు మా ఇంట్లో ఉన్నది. ఆమె అత్తవారి ఊరు కృష్ణకు అవతలి ఒడ్డున, రేపల్లె వైపు. మామయ్య పోయి మూడేళ్ళయింది. పులిగడ్డ రేవులో పడవ ఎక్కి పెనుమూడిలో దిగితే, అక్కడినుంచి బండి మీద వాళ్ళ ఊరు. ఇప్పుడు ఆ రేవు మీద వంతెన ఉన్నది. బస్సులో కూర్చుని చూస్తే ఏటిని ఎప్పుడు దాటామో కూడా తెలియదు. అప్పుడు అలా కాదు. పడవ దొరకాలి, గాలి అనుకూలించాలి, ఏటిలో నీరు ఒప్పుకోవాలి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు కావలసి వస్తుంది.

అత్తయ్యకు పదిహేనేళ్ళప్పుడు నలభై ఏళ్ళ మనిషికి రెండో పెళ్ళి భార్యగా ఇచ్చారు. వెళ్ళేసరికి ఆ ఇంట్లో సవతి పిల్లలు ముగ్గురు. పెద్దవాడు ఆమెకంటె రెండేళ్ళే చిన్న. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. మా ఊళ్ళోనే అలాంటి సంబంధాలు నాలుగైదు ఉండేవి. పొలం ఉన్నది, ఇల్లున్నది, మనిషి మంచివాడు అంటే పెద్దలు ఇంకేమీ అడిగేవారు కారు.

మామయ్య పోయిన తరువాత ఆమె సినిమా అన్న మాట ఎత్తలేదు. ఆ బొమ్మకు మా అమ్మే బలవంతం చేసింది. "శరత్ బాబు కథ వదినా! మీరు చదివిందే" అన్నది. ఆ మాట పని చేసింది. శరత్‌ను మన ఆడవాళ్ళు చదివినంతగా బెంగాలీలయినా చదివారో లేదో! మదనపల్లె శానిటోరియంలో క్షయకు మందు తింటూ బెంగాలీ నేర్చుకున్న చక్రపాణిగారు ఆ నవలల్ని తెలుగు చేసి పెట్టారు. ఆయన తెనుగు ఎంత నిఖార్సయినదంటే, శరత్‌ను తెలుగువాడే అనుకున్న పాఠకులు ఉన్నారని చెప్పుకునేవారు. మా అత్తయ్య దగ్గర అట్టలు పోయిన రెండు పుస్తకాలు ట్రంకు పెట్టెలో చీరెల కింద ఉండేవి.

సరే, బండి కట్టించుకుని వెళ్ళాము. టూరింగ్ టాకీసు ఎరగని పిల్లలకోసం ఒక మాట. లోపల ఒకే యంత్రం. ఒక రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి, రెండో రీలు ఎక్కించేదాకా వేరుశెనక్కాయలు వలుచుకుంటూ కూర్చోవాలి. ఆడవాళ్ళకు ఒక పక్క తడిక కట్టి వేరే చోటు. నేల టిక్కెట్టు వాళ్ళు ఇసుకను గుట్టగా చేసుకొని దాని మీద కూర్చునేవారు. వెనక వాళ్ళు "తల దించవమ్మా" అని కేకలు. విషాద చిత్రం చూడటానికి అది తగిన చోటు కాదని మీరు అనవచ్చు. కాని ఆ రాత్రి మూడో రీలు తరువాత దీపాలు వెలిగినప్పుడు వేరుశెనక్కాయల చప్పుడు వినిపించలేదు. ఆడవాళ్ళంతా కొంగులు మొహానికి అడ్డం పెట్టుకొని ఉన్నారు. అత్తయ్య మాత్రం ఏడవలేదు. నిటారుగా కూర్చుని తెల్లటి గుడ్డ వంకే చూస్తున్నది. ఆమెకు బొమ్మ నచ్చలేదు కాబోలు అనుకున్నాను.

చివరికి వచ్చాము. చావు దగ్గర పడిన దేవదాసు, ప్రాణం పోయేలోపల నీ వాకిటికి వస్తానని ఇచ్చిన మాట కోసం రాత్రివేళ బండి మీద పార్వతి ఊరికి వస్తాడు. ఆ ఇంటి ముందు చెట్టు కిందనే ప్రాణం విడుస్తాడు. ఎవడో పరదేశి చచ్చిపోయాడని ఇంట్లో అనుకుంటారు. అది ఎవరో తెలిసిన మరుక్షణం పార్వతి పరుగెత్తుతుంది. జమీందారు ఇల్లాలు వీధిలోకి పరుగెత్తడమా! ఆమె గడప దాటకుండా తలుపులు మూసేస్తారు.

ఆ తలుపులు మూసుకుంటూ ఉండగానే అత్తయ్య లేచింది. ఇసుకలో కాళ్ళు తడబడుతూ, కూర్చున్న వాళ్ళ మధ్య నుంచి దారి చేసుకొని బయటికి వెళ్ళిపోయింది. అమ్మ నన్ను వెనక తరిమింది. చివరి ఘట్టం చూడనివ్వలేదని నాకు ఒళ్ళు మండిపోయింది. బయట బండి కాడి మీద చెయ్యి వేసుకొని చీకట్లో నిలబడి ఉన్నది. దారిలో ఒక్కటే మాట అన్నది, అదీ ఎవరూ అడగకుండా.

"ఆ ముసలాయన మంచివాడే, పాపం."

దేవదాసును గురించి కాదు, పార్వతిని గురించి కాదు. పార్వతిని చేసుకున్న దుర్గాపురం జమీందారును గురించి! అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

ఆ తరువాత ఆ బొమ్మ నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మొన్న మళ్ళీ మా మనమరాలితో కలిసి ఇంట్లో కంప్యూటరు మీద చూశాను. ఆ పిల్లకు దేవదాసు అంటే 2002లో సంజయ్ లీలా భన్సాలీ తీసిన హిందీ చిత్రం. ఆ అద్దాల మేడలూ, ఆ నగలూ! "ఇందులో ఇల్లు ఇంత చిన్నదేమిటి అమ్మమ్మా?" అన్నది మొదట్లో. గంట గడిచేసరికి ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు.

శరత్ ఈ నవల 1917లో అచ్చయింది. 1928లోనే మూకీగా తీశారు. 1935లో ప్రమథేశ్ బారువా బెంగాలీలో తానే దేవదాసుగా నటించి తీశాడు, హిందీలో సైగల్ చేత చేయించాడు. ఆ బారువా దగ్గర కెమెరా పట్టిన బిమల్ రాయ్ తిరిగి 1955లో దిలీప్ కుమార్‌తో హిందీలో తీశాడు. ఈ రెంటికీ నడుమ 1953 జూన్ 26న మన తెలుగు 'దేవదాసు' విడుదలయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఇంకా మూడు నెలలు ఉన్నది. మద్రాసులో వినోదా వారు, డి.ఎల్. నారాయణగారు నిర్మాతగా, తెలుగూ తమిళమూ రెండు భాషల్లోనూ తీశారు.

తీయబోతున్నారని తెలిసినప్పుడు పెదవి విరిచినవాళ్ళే ఎక్కువట. విరవరూ మరి! అక్కినేని నాగేశ్వరరావు అంటే 'బాలరాజు', 'కీలుగుర్రం'. కత్తి పట్టుకొని రాజకుమార్తెను గెలుచుకునే జానపద వీరుడు. ఆయనా భగ్నప్రేమికుడు? సావిత్రి చూస్తే ఇరవై నిండని పిల్ల. 'పాతాళభైరవి'లో ఒక నాట్యం చేసి వెళ్ళిపోయినది. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడివాడు, 'రైతుబిడ్డ'లో దశావతార శబ్దానికి నర్తించిన మనిషి. ఆయనకు నాట్యం తెలుసు గాని, ఇంత మెత్తటి బెంగాలీ కథ ఏమి తెలుస్తుంది?

నాకు తోచేదేమంటే, ఆ కూచిపూడే ఈ బొమ్మను కాపాడింది. చూపు ఎక్కడ నిలపాలో, మెడ ఎంత తిప్పాలో, ఎక్కడ కదలకుండా ఉండాలో అభినయం నేర్చినవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఈ చిత్రంలో ముఖ్యమైన ఘట్టాలన్నీ మనుషులు కదలకుండా నిలబడిపోయిన ఘట్టాలే. చూడండి కావాలంటే.

అర్ధరాత్రి పార్వతి దేవదాసు గదికి వచ్చే ఘట్టం తీసుకోండి. రెండిళ్ళ మధ్యా సంబంధం చెడిపోయింది. పార్వతి వాళ్ళు అంతస్తులో తక్కువ, జమీందారు ఒప్పుకోడు. రేపో మాపో పార్వతికి వేరే సంబంధం కుదిరిపోతుంది. ఆ పిల్ల సిగ్గూ భయమూ వీధిలో వదిలి వచ్చి అతని ముందు నిలబడింది. ఇక్కడ ఇంకొక నటి అయితే వెక్కి వెక్కి ఏడ్చి ఉండేది. సావిత్రి మొహంలో ఏడుపుకంటె నమ్మకం ఎక్కువ. నన్ను కాదనడు అనే నమ్మకం. అది చూస్తుంటే మనకే భయం వేస్తుంది. నాగేశ్వరరావు మొహంలో ప్రేమ లేక కాదు. ఎవరైనా చూశారేమో, నాన్న ఏమంటాడో, ఇప్పుడు ఏమి చేయాలి అనే తికమక. పెద్దింటి బిడ్డ, చెడ్డవాడు కాడు, కాని ఆ ఒక్క గడియ తండ్రికి ఎదురు నిలవవలసిన మనిషి నిలవలేకపోయాడు. తరువాత తాగినా, దగ్గినా, రక్తం కక్కినా దేవదాసు పడిపోయింది మాత్రం అక్కడే. తాగుబోతుగా నాగేశ్వరరావు గొప్పగా నటించారని లోకం అంటుంది. నేను కాదనను. కాని సీసా ముట్టకముందు ఆయన చూపిన ఆ తడబాటు ఇంకా గొప్పదని నా నమ్మకం.

మా మనమరాలు కూడా అక్కడే ఆపి, "ఇతనికేమి అడ్డం? నిన్నే చేసుకుంటానని ఒక్క మాట అనవచ్చుగా!" అని విసుక్కున్నది. అనవచ్చు. అంటే కథ లేదు. మన ఇళ్ళలో ఆ ఒక్క మాట అనలేకపోయిన వాళ్ళు ఎంతమంది ఉన్నారో దానికి తెలియదు, తెలియకపోవడమే మేలు.

తండ్రి పాత్ర ఎస్.వి. రంగారావుది. ఒక్క సంగతి గమనించారో లేదో, నాగేశ్వరరావు పుట్టింది 1924లో, రంగారావు 1918లో. ఆరేళ్ళు పెద్ద! అంతకు రెండేళ్ళ కిందటే 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడుగా పిల్లల్ని దడిపించిన మనిషి. ఇక్కడ ఆయన గట్టిగా అరచినప్పుడు కూడా, ఇతడు కొడుకు చెడు కోరేవాడు కాడు, వంశం పరువు అనే బరువు మోస్తున్నవాడు అని తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఆయన మీద మనకు కోపం నిలవదు. కోపం నిలిస్తే ఎంత హాయిగా ఉండేది!

ఈ కథ అల్లికలో ఉన్న బలమంతా ఇదే. ఇందులో దుర్మార్గుడు లేడు. జానపదంలో మాంత్రికుడుంటాడు, పురాణంలో రాక్షసుడుంటాడు, సాంఘికంలో వడ్డీ వ్యాపారో గయ్యాళి అత్తో ఉంటుంది. వాళ్ళను తిట్టుకుని ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోతాము. 'దేవదాసు'లో ఎవరిని తిట్టాలి? తండ్రినా? భగవాన్‌గా పేకేటి శివరామ్ వచ్చి మందు అలవాటు చేస్తాడు, అతన్ని తిట్టవచ్చు గాని అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. లలిత వేసిన చంద్రముఖిని తిట్టబోతే ఆమె అందరికంటె మంచిది. డబ్బు విసిరి అసహ్యించుకుని వెళ్ళిపోయిన మనిషి కోసం తన వృత్తినే వదులుకున్నది.

ఇక మిగిలినవాడు ముసలి జమీందారు. ఈ పాత్రను సి.ఎస్.ఆర్. ఆంజనేయులు ధరించారు. ఆయన తరువాత 'మాయాబజార్'లో శకునిగా పాచికలు ఆడించి ఎంత నవ్వించారో మీకు తెలుసు. కళ్ళతోనే కుట్ర చేయగల నటుడు. ఆయనకు ఈ ముసలి పెండ్లికొడుకును ఇస్తే, ఇంకొకరయితే వెకిలిగా చేసి నేల క్లాసు చేత ఈలలు వేయించుకునేవారు. సి.ఎస్.ఆర్. అలా చేయలేదు. తన వయసు తనకు గుర్తున్న మనిషిలా, ఈ పిల్లకు అన్యాయం జరిగిందని లోలోపల ఎరిగిన మనిషిలా, పార్వతితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడారు. పార్వతి కూడా ఆ ఇంటిని కాల్చుకు తినలేదు. సావిత్రి నడకే మారిపోతుంది చూడండి. పరికిణీ కాళ్ళకు తగులుతుండగా పరుగెత్తిన పిల్ల, నిదానంగా, ఇంటి బరువంతా భుజాన ఉన్నట్టు నడుస్తుంది. పెళ్ళి వయసు పిల్లలకు తల్లి అయి కూర్చుంటుంది. మనసులో ఒకటి ఉన్నది, చేసే పనిలో దాని నీడ పడనివ్వదు. ఆ వయసు పిల్ల ఇది ఎక్కడ నేర్చుకున్నదో!

చిత్రంలో లోపాలు లేవని కాదు. మూడు గంటల బొమ్మ, నడుమ కొంత సాగదీశారు. హాస్యం కోసం పెట్టిన చోట్ల నాకు చేతి గడియారం మీదికి చూపు పోతుంది. అయినా ఘంటసాల గొంతు రాగానే అదంతా మరచిపోతాము. సంగీత దర్శకుడు సుబ్బరామన్ బొమ్మ పూర్తి కాకముందే, 1952లో, చిన్న వయసులో కన్ను మూశాడు. మిగిలిన పని ఆయన దగ్గర ఉన్న విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. సముద్రాల రాఘవాచార్యులు రాసిన ఆ పాటల్ని ఘంటసాల పాడిన తీరులో తాగిన మనిషి తూలు ఉన్నది గాని, శ్రుతి ఎక్కడా తూలదు. రేడియోలో ఆ పాట వస్తే మా నాన్నగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేవారు.

నాగేశ్వరరావుగారు నిజంగా తాగి నటించారని ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రమాణాలు చేసి చెప్పేవారు! అసలు సంగతి ఆయనే తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ ఘట్టాలను రాత్రిపూట తీయించుకునేవారట. గట్టి పెరుగుతో కడుపు నిండా అన్నం తిని వచ్చి, నిద్ర ముంచుకొస్తూ రెప్పలు వాలిపోతుంటే అప్పుడు కెమెరా ముందు నిలబడేవారు. మత్తు కళ్ళకు మందు, మన పెరుగన్నం! ఈ రహస్యం చెబితే మా అత్తయ్య నవ్వింది. "ఆ మాత్రానికి సారా ఎందుకూ, మధ్యాహ్నం భోంచేసిన మీ నాన్నను చూడరాదూ" అన్నది.

ఆమె ఆ మాట అన్నది 1974లో. అప్పటికి నాకు పెళ్ళయి విజయవాడలో కాపురం. అత్తయ్య కళ్ళలో శుక్లాలకు వైద్యం కోసం వచ్చి మా ఇంట్లో నెల రోజులు ఉన్నది. ఆ ఏడే విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ దేవదాసుగా కొత్త చిత్రం రంగులలో వచ్చింది. దాంతో పాత 'దేవదాసు'ను కూడా మళ్ళీ హాళ్ళకు తెచ్చారు. ఊరంతా అదే మాట, ఇది బాగుందా అది బాగుందా అని. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ నేను ఊరికే అడిగాను.

"అత్తయ్యా, అప్పుడు టూరింగ్ టాకీసులో చివరి ఘట్టం చూడకుండా లేచి వచ్చావు, గుర్తుందా? ఎందుకు?"

అత్తయ్య చేటలో వేలు ఆడిస్తూ చాలా సేపు ఊరుకున్నది. తరువాత చెప్పింది. నేను విన్నది విన్నట్టు చెప్తాను.

1941లో వాళ్ళ ఇంట్లో పెద్ద సవతి కొడుకు పెళ్ళి. కోడలు పిల్లది వాళ్ళ ఊరే కనుక పందిరి ఇంటి ముందే. పీటల మీద తల్లి స్థానంలో కూర్చోవలసింది అత్తయ్య. సరిగ్గా పెళ్ళి ముందు రోజు ఇవతలి ఒడ్డున మా నాయనమ్మకు ప్రాణం మీదికి వచ్చింది. నాన్నగారు పాలేరును పంపించారు, అక్కయ్యను వెంటనే తీసుకురమ్మని. అతడు రేవు దాటి, నడిచి, చీకటి పడే వేళకు పందిట్లోకి వచ్చాడు. గుమ్మంలో మామయ్య ఎదురయ్యాడు. సంగతి విన్నాడు. అతన్ని అటునుంచి అటే కొట్టాం వైపు తీసుకువెళ్ళి, అన్నం పెట్టించి, తెల్లవారకముందే తిప్పి పంపేశాడు. అత్తయ్యకు చెప్పలేదు.

చెబితే ఆమె ఆగదు. వెళితే, అక్కడ తల్లి పోతే, పెళ్ళయిన కూతురికి మూడు రోజుల మైల. పీటల మీద తల్లి లేదు, ముహూర్తం పోతుంది, అటువాళ్ళకు ఏమి చెప్పాలి? వంద మంది చుట్టాలు దిగి ఉన్నారు. మామయ్య ఇంత ఆలోచించాడు. మూడో రోజు అప్పగింతలూ అవీ అయిన తరువాత గదిలోకి పిలిచి చెప్పాడు. అప్పటికి మా నాయనమ్మ పోయి రెండు రోజులు. అత్తయ్య రేవు దాటి వచ్చేసరికి ఇంట్లో గోడకు ఆనించిన మంచమూ, ఖాళీ చేటా ఉన్నాయి. "మా అమ్మ రెండు రోజులు గుమ్మం వంక చూస్తూనే ఉన్నదట" అన్నది అత్తయ్య.

"చెప్తూ మీ మామయ్య ఏడ్చాడే. నా కాళ్ళు పట్టుకోబోయాడు, నేనే తప్పుకున్నాను. పదహారేళ్ళు కాపురం చేసిన దాకానో ఇరవై ఏళ్ళ దాకానో ఒక్క మాట పరుషంగా అన్న మనిషి కాదు. నా కంచంలో ఏమి పడిందో చూసి గాని తాను తినేవాడు కాదు. ఆయన మంచివాడే. గుమ్మానికి అడ్డం నిలబడిందీ ఆయనే."

నేను ఏమీ అనలేకపోయాను.

"ఆ బొమ్మలో తలుపులు మూస్తుంటే," అన్నది మళ్ళీ, "ఇంట్లో వాళ్ళంతా పార్వతి మీద పగబట్టి మూశారనుకున్నావా? ఇంటి పరువు పోతుందని మూశారు. ఆమె పరువు కూడా అందులోనే ఉందనుకున్నారు. అది చూసి కూర్చోలేకపోయాను."

మరి నేను ఇన్నాళ్ళూ ఏమి చూశాను? ప్రేమికులిద్దరినీ లోకం విడదీసిందని చూశాను. అత్తయ్యకు ప్రేమికుడు లేడు. ఆమె పార్వతి పరుగులో తన తల్లి మంచం వైపు పరుగెత్తింది. ఒక కథ ఇంతమందిని, ఇన్ని రకాల గుమ్మాల వెనక ఉన్నవాళ్ళను పట్టుకోగలిగిందంటే అందుకు కారణం శాలువా కాదు, సీసా కాదు. దేవదాసు చివరి బండి ప్రయాణం అంత నిదానంగా తీశారు గదా, అక్కడ మనకు ఒకటే ఆలోచన. అందుతాడా, అందడా? అందాడు. వాకిటికి వచ్చాడు. నాలుగడుగుల దూరం మిగిలింది. ఆ నాలుగడుగులు దాటించకపోవడంలోనే కథకుడి నేర్పు ఉన్నది. ఏరు దాటినవాడు గుమ్మం దాటలేకపోయాడు అంటే అత్తయ్యకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆ చివరి ఘట్టంలో సావిత్రి నటన గురించి పెద్దలు చాలా చెప్పారు. నాకు కనిపించేది ఒకటే. అప్పటిదాకా జమీందారు ఇల్లాలుగా నిదానంగా నడిచిన ఆ పాదాలు ఒక్కసారిగా చిన్ననాటి పరుగు అందుకుంటాయి. వయసు, నగలు, పెద్దరికం అన్నీ రాలిపోయి రావులపల్లి పిల్ల పరుగెత్తుతుంది. మొదటి రీళ్ళలో ఆ చిన్నపిల్లల ఆటలు అంత సేపు ఎందుకు చూపించారా అని మనకు అనుమానం కలిగి ఉంటే, జవాబు ఇక్కడ దొరుకుతుంది.

బియ్యం చేట పక్కన పెట్టి అత్తయ్య అడిగింది. "ఆ పాతది ఇంకా ఆడుతున్నదా ఇక్కడ?"

మర్నాడు మాట్నీకి వెళ్ళాము, ఇద్దరమే. కంటికి పచ్చకట్టు అప్పుడప్పుడే తీశారు, తెర మరీ దగ్గరగా వద్దని వెనక కుర్చీలు తీసుకున్నాము. ఈసారి నేను బొమ్మ చూడలేదు, ఆమెనే చూస్తూ కూర్చున్నాను. సి.ఎస్.ఆర్. వచ్చినప్పుడు కాస్త ముందుకు వంగింది. పార్వతి పరుగెత్తినప్పుడు నా మణికట్టు పట్టుకున్నది. తలుపులు మూసుకున్నాయి. లేవలేదు. చేతిరుమాలు తీసి, వైద్యుడు రుద్దవద్దన్నాడు గదా, కంటి కింద మెల్లిగా అద్దుకున్నది. దీపాలు వెలిగాయి, జనం లేచారు, ఊడ్చేవాడు చీపురు పట్టుకొని లోపలికి వచ్చాడు. అయినా ఇద్దరమూ కూర్చునే ఉన్నాము.

బయటికి వచ్చేసరికి ఎండ కళ్ళలో కొట్టింది. అత్తయ్య కొంగు నుదుటికి అడ్డం పెట్టుకొని, రోడ్డుకు అవతల ఉన్న బడ్డీ వంక చూపించి, "నిమ్మకాయ సోడా తాగుదామటే?" అన్నది.